అరకాగితం

ఆరడుగుల వెడల్పు కొట్టు మాది,
పంజా సెంటర్ దాటాక సందు మలుపులో.
గుండీలు, హుక్కులు, జిప్పులు, చీర ఫాల్సు,
నూట పన్నెండు రంగుల దారం.
ఎదురుగా ఈమధ్యే అద్దాల షోరూమొకటి వెలిగింది.
లోపల ఏసీ, గుమ్మంలో కుర్రాడు,
వాడి చేతిలో నిగనిగలాడే కరపత్రాలు.

"సరుకే మాట్లాడాలి, మనం కాదు" అనేవాడు నాన్న.
సరుకు మాట్లాడుతూనే ఉంది పాపం,
ఈ ఆటోల మోతలో ఎవరికి వినబడుతుంది?

అందుకని నెలకో అరకాగితం మొదలుపెట్టాను.
జెరాక్సు ఖాసిం దగ్గర మూడొందల కాపీలు,
పసుప్పచ్చ కాగితం, ఒకవైపే అచ్చు.
కొన్నవాళ్ళ సంచిలో ఒకటి.
ఖాతా పుస్తకంలో పేరున్న దర్జీలకి
మా తమ్ముడు సైకిలు మీద తిరిగి తలా ఒకటి.

మొదటి నెల కాగితం నిండా నేనే.
నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా,
ఒక్కసారి వస్తే మళ్ళీ మళ్ళీ వస్తారు.
మూడోరోజు వించిపేట వెళ్తే
దర్జీ బాజీ ఆ నమ్మకాన్ని చంక కొలతకి కత్తిరించి
జాకెట్టు గుడ్డ మీద పరిచి
సుద్దముక్కతో చుట్టూ గీస్తున్నాడు.
"మందంగా బావుందమ్మా,
వచ్చే నెల కూడా వేస్తారా?" అన్నాడు.

రెండో నెల నన్ను నేను కాస్త తగ్గించుకున్నాను.
నూలు ఫాలు కుట్టే ముందు రాత్రంతా నానెయ్యండి,
లేకపోతే మొదటి ఉతుక్కే కుంచించుకుపోయి
చీర అంచు మూతి ముడుస్తుంది, అని రాశాను.
అడుగున చిన్నక్షరాల్లో కొట్టు పేరు.
ఆ వారం ముగ్గురొచ్చారు,
మూతి ముడిచిన చీరలు మోసుకుంటూ.
ముందే చెప్పొచ్చుగా అని పోట్లాడి
ఫాల్సు కొనుక్కుని వెళ్ళారు.

మూడో నెల
"ఇక్కడ అరువు లేదు" అని ఫోన్లో మర్యాదగా చెప్పాను.
ఖాసింకి ఏం వినబడిందో,
"ఇక్కడ పరువు లేదు" అని పడింది.
మూడొందల గడపలకి
నా చేతులారా పంపించుకున్నాను.

బజారు బజారంతా నవ్వుతుంటే
తారకేశంగారు మాత్రం నవ్వకుండా వచ్చారు.
అచ్చాఫీసుల కాలంలో కంపోజిటరు.
సీసం అక్షరాలేరిన వేళ్ళు,
ఇప్పటికీ ఏదో ఏరుతున్నట్టే కదులుతాయి.
నా కాగితం నిండా ఎర్రసిరా.
"వత్తులు దారిలో పారేసుకుంటూ నడుస్తున్నావమ్మా" అన్నారు.
ఏమీ కొనలేదు.
చొక్కాకి పైనుంచి రెండో గుండీ లేదు.
చూశాను. అడగలేదు.

అప్పట్నుంచి ఆయన చూడందే అచ్చుకి పోదు.
స్టూలు మీద కూర్చుని, సగం టీ తాగి,
నా విశేషణాలన్నీ కొట్టేస్తారు.
"అద్భుతమైన జిప్పు ఏమిటి?
జిప్పు పడుతుందా, పడదా, అది చెప్పు."

కిందటి నెల రాశాను:
జత తప్పిన గుండీ ఉంటే తెండి, వెతికి పెడతాం.
చాలాసేపు చూశారు ఆ మాటని.
"పెడతాం" కొట్టేసి
"వెతుకుతాం" అని దిద్దారు.
"దొరక్కపోతే?
అచ్చయిన మాట వెనక్కి రాదు."

అమ్మకం పెరిగిందా అని తమ్ముడు లెక్కడుగుతాడు.
దారం కొంచెం. ఫాల్సు బాగానే.
షోరూము కుర్రాడొకడు, వాళ్ళ ఓనరు చూడకుండా,
"ఈ నెలది వచ్చిందా అక్కా" అంటాడు.

మొన్న కొట్టు కట్టేసే వేళకి
తారకేశంగారు చొక్కా మడతపెట్టి తెచ్చారు,
కాగితం చేత్తో పట్టుకుని, కొత్త కొనుగోలుదారులా.
బూడిదరంగు, నాలుగు కళ్ళు, అంచుకి సన్నటి గీత.
"ఇలాంటిది ఉందా?"

నాన్న బిస్కెట్ డబ్బా నేలమీద గుమ్మరించి
మూడు రాత్రులుగా ఏరుతున్నాను.
రెండు కళ్ళవి, ముత్యంవి, విరిగినవి,
ఎవరి చొక్కాలవో ఇన్ని.

ఇంకా దొరకలేదు.
వెతుకుతున్నాను.